డిసెంబర్ 4: పాటల పంచాంగంలో ఒక రోజు

కృష్ణా జిల్లాలో గుడివాడ దగ్గర చౌటపల్లి అనే పల్లె ఉంది. 1922 డిసెంబర్ 4న ఆ ఊళ్లో సూరయ్య, రత్తమ్మ దంపతులకు మగబిడ్డ పుట్టాడు. వెంకటేశ్వరరావు అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు తెలుగునాట ఇప్పుడు పూర్తిగా పలకనక్కర్లేదు, ఇంటిపేరు చాలు. ఘంటసాల అంటే ఒక గొంతు, ఒక కాలం.

తెలుగువాళ్లకు డిసెంబర్ 4 అంటే ఘంటసాల జయంతి. ఇదే తేదీన అమెరికాలోని మెంఫిస్ నగరంలో నలుగురు కుర్రాళ్లు ఒక పియానో చుట్టూ చేరి పాడుకున్నారు. ఇదే తేదీన స్విట్జర్లాండ్‌లో ఒక సరస్సు ఒడ్డున సంగీతశాల తగలబడింది. ఇదే తేదీన లండన్ నుంచి వెలువడిన చిన్న ప్రకటనతో ఒక గొప్ప బృందం ముగిసిపోయింది. ఈ సంఘటనలకు ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు, తేదీ ఒక్కటే కలిసింది. అయినా వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. పాట పుట్టడం ఒక ఎత్తు. అది పుట్టిన గడియలో పట్టుకుని దాచే యంత్రం పక్కన ఉండడం మరో ఎత్తు.

ఘంటసాలకు మొదటి సంగీత పాఠం తండ్రి భుజాల మీద దొరికింది. సూరయ్య మృదంగం వాయిస్తూ భజనలు చేసేవారు. కొడుకును భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకుపోయేవారు. ఆ పిల్లవాడు నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ చిందులు వేస్తుంటే ఊళ్లో వాళ్లు బాలభరతుడని ముద్దుగా పిలిచేవారు. ఆ భాగ్యం ఎంతోకాలం నిలవలేదు. ఘంటసాల చిన్నతనంలోనే తండ్రి కన్నుమూశారు. కొడుకు పెద్ద సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన కోరిక. ఆ కోరిక తీర్చడానికి ఘంటసాల చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం రైలెక్కాడని ఆయన జీవితం రాసిన వాళ్లు చెబుతారు.

విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఉంది. కాని ఆ కుర్రవాడికి అక్కడ తిండికి దారి లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. కడుపు నింపుకోవడానికి ఘంటసాల మధుకరం ఎత్తారు. భుజాన జోలె కట్టుకుని, ఇంటింటి ముందు నిలబడి, ఇల్లాళ్లు పెట్టిన అన్నం జోలెలో వేసుకుని తెచ్చుకుని తిని చదువుకోవడాన్ని మధుకరం అంటారు. ఒకప్పుడు పేద విద్యార్థులకు అదే హాస్టలు, అదే స్కాలర్‌షిప్పు. పాట కోసం అన్నం అడుక్కున్న మనిషి గొంతులో దైన్యం పలికినప్పుడు వినేవాళ్ల కళ్లు తడి కావడంలో వింత లేదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అరెస్టయ్యారు. బళ్లారి దగ్గరి అలీపురం జైలులో పద్దెనిమిది నెలలు ఉన్నారు. విడుదలయ్యాక పెళ్లి, ఆ తర్వాత మద్రాసు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య గారి అండ దొరికింది. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో పాడారు, హెచ్.ఎం.వి. గ్రామఫోన్ రికార్డులకు పాడారు, సినిమాల్లో కోరస్‌లో కూడా పాడారు. స్వర్గసీమ సినిమాలో భానుమతితో కలిసి పాడాక దారి తెరుచుకుంది. పాతాళభైరవి 1951లో, మాయాబజార్ 1957లో, లవకుశ 1963లో వచ్చాయి. ఈ మూడు పేర్లు చెబితే చాలు, వాటి పాటలు ఏ తెలుగింట్లోనైనా ఎవరో ఒకరు అందుకుంటారు. తెర మీద నటుడు రామారావు పాడుతున్నట్టు ఒకలా, నాగేశ్వరరావు పాడుతున్నట్టు మరోలా గొంతు మార్చి పాడగలగడం ఆయన విద్యలో ఒక పార్శ్వం మాత్రమే.

అంతకన్నా పెద్ద పని ఆయన పద్యంలో చేశారు. నాటకాల రోజుల్లో పద్యం అంటే రాగం. నటుడు హార్మోనియం శ్రుతిలో ఒక్కో పాదం చివర నిమిషాల తరబడి ఆలాపన సాగదీస్తే జనం ఒన్స్‌మోర్ అని అరిచేవారు. మైకు లేని రోజుల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి వినపడాలంటే గొంతు చించుకోక తప్పేది కాదు. అందులో గొప్ప ఆకర్షణ ఉండేది, కాని పద్యంలో ఏముందో చాలాసార్లు రాగం కింద కొట్టుకుపోయేది. ఘంటసాల మైకుకు దగ్గరగా నిలబడిన తరం వాడు. అరవనక్కర్లేదు. ప్రతి అక్షరం ఒత్తు పోకుండా, అర్థం విరిగే చోట విరుస్తూ, రాగాన్ని భావానికి కావలసినంతే వాడుతూ పాడారు. గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపున మూడు నిమిషాలకు అటూఇటూగానే పట్టేది. ఆ కొలత కూడా ఆయన శైలికి కలిసివచ్చింది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రాసిన పుష్పవిలాపం పద్యాలు ఘంటసాల గొంతులో విన్న తర్వాత చదువు రాని వాళ్లు కూడా అప్పజెప్పగలిగారు. తెలుగు పద్యం పుస్తకం దాటి సామాన్యుడి నోట్లోకి రావడంలో ఆ గొంతుకున్నంత పాత్ర ఇరవయ్యో శతాబ్దంలో మరే గొంతుకూ లేదు.

1970లో పద్మశ్రీ వచ్చింది. చివరి రోజుల్లో, ఆరోగ్యం బాగా లేకున్నా, భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. గీత రికార్డు ఆయన పోయాకే విడుదలైంది. తెలుగునాట చాలా ఇళ్లల్లో మనిషి పోతే ఇంటి ముందు ఈనాటికీ వినపడేది ఆ గొంతే. చావు కబురు చెప్పనక్కర్లేదు. వీధి మొదట్లో ఆ గీత వినపడగానే దారిన పోయేవాడు చెప్పులు విడిచి నెమ్మదిస్తాడు.

1944 డిసెంబర్ 4న, ఘంటసాల పుట్టిన తేదీనే, అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకడు డెనిస్ విల్సన్, తర్వాత బీచ్ బాయ్స్ బృందంలో డ్రమ్ములు వాయించాడు. సముద్రపు అలల మీద పలకెక్కి స్వారీ చేసే ఆట గురించి పాటలు కట్టి పేరు తెచ్చుకున్న ఆ బృందంలో నిజంగా అలల మీద ఆడేవాడు అతనొక్కడే. 1983 డిసెంబర్‌లో ఆ సముద్రపు నీళ్లలోనే మునిగి చనిపోయాడు. రెండోవాడు క్రిస్ హిల్‌మన్, బర్డ్స్ అనే బృందంలో బేస్ గిటారు వాయించాడు.

ఇక 1956 డిసెంబర్ 4, మంగళవారం. టెనెసీ రాష్ట్రం, మెంఫిస్ నగరం, యూనియన్ అవెన్యూ, 706వ నంబరు. బయట నుంచి చూస్తే మామూలు దుకాణంలా ఉండే చిన్న గది. దాని పేరు సన్ స్టూడియో. యజమాని శామ్ ఫిలిప్స్. నల్లవాళ్ల బ్లూస్ పాటను, తెల్లవాళ్ల పల్లెపాటను ఒకే గదిలోకి తెచ్చి రాకెన్‌రోల్‌కు పురుడు పోసిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. ఎల్విస్ ప్రెస్లీ అనే కుర్రవాణ్ణి మొదట రికార్డు చేసింది ఆయనే. డబ్బుకు ఇబ్బందిగా ఉండి 1955 నవంబర్‌లో ఎల్విస్ ఒప్పందాన్ని ఆర్.సి.ఎ. కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మేశాడు. ఏడాది తిరిగేసరికి ఎల్విస్ అమెరికా అంతా ఊగిపోయే తార అయ్యాడు.

ఆ మంగళవారం స్టూడియోలో పని కార్ల్ పెర్కిన్స్‌ది. 'బ్లూ స్వేడ్ షూస్' పాట రాసి, పాడి, పెద్ద విజయం అందుకున్నవాడు. ఆ పాట ఊపు మీద ఉండగానే కారు ప్రమాదంలో మంచాన పడ్డాడు. అతను మంచం దిగేలోగా అదే పాటను ఎల్విస్ టీవీలో పాడేశాడు. ఆ రోజు పెర్కిన్స్ తన అన్నదమ్ములతో కలిసి 'మ్యాచ్‌బాక్స్' అనే పాట రికార్డు చేయడానికి వచ్చాడు. పియానో వాయించడానికి శామ్ ఫిలిప్స్ ఒక కొత్త కుర్రవాణ్ణి కూర్చోబెట్టాడు. కూలి 15 డాలర్లు. ఆ కుర్రవాడి మొదటి రికార్డు బయటికి వచ్చి సరిగ్గా మూడు రోజులైంది. మెంఫిస్ దాటితే అతనెవరో ఎవరికీ తెలియదు. పేరు జెర్రీ లీ లూయిస్.

మధ్యాహ్నం ఎల్విస్ ఊరికే పలకరించిపోదామని వచ్చాడు. పెర్కిన్స్ రికార్డు చేసింది విన్నాడు, బాగుందన్నాడు, గదిలోకి వెళ్లి పియానో ముందు కూర్చున్నాడు. ఒకరు ఒక పాట ఎత్తుకున్నారు, మిగిలినవాళ్లు అందుకున్నారు. సన్ సంస్థకే పాడే జానీ క్యాష్ కూడా వచ్చాడు. ఎల్విస్‌కూ జెర్రీ లీకీ 21 ఏళ్లు, పెర్కిన్స్‌కూ క్యాష్‌కూ 24. అందరూ దక్షిణాది బీద కుటుంబాల పిల్లలే.

వాళ్లు పాడుకున్న వాటిలో ఎక్కువ భాగం చర్చి పాటలు. అమ్మల పక్కన కూర్చుని పాడుతూ పెరిగిన పాటలు కాబట్టి ఎవరికీ కాగితం అక్కర్లేకపోయింది. మన దగ్గర నలుగురు గాయకులు కలిసి ఖాళీగా కూర్చుంటే భజన కీర్తన ఎత్తుకున్నట్టే అది. ఒకచోట ఎల్విస్ ఒక ముచ్చట చెప్పాడు. లాస్ వేగాస్‌లో ఒక నల్లజాతి బృందంలోని గాయకుడు తన 'డోన్ట్ బి క్రూయల్' పాటను తనకన్నా ఎంతో బాగా పాడాడని, అది వినడానికి మళ్లీ మళ్లీ వెళ్లానని చెప్పి, అతను ఎలా పాడాడో అనుకరించి చూపించాడు. ఆ గాయకుడు జాకీ విల్సన్. దేశమంతా నెత్తిన పెట్టుకున్న తార, ఎవరూ వినడం లేదనుకున్న చోట మరొకడి గొప్పతనం ఒప్పుకోవడం ఆ టేపు మొత్తంలో విలువైన ఘట్టం.

టేపు అన్నది ఇక్కడ అసలు మాట. ఆ గదిలో జరుగుతున్నది వదులుకోకూడదనుకుని యంత్రాన్ని తిరగనిచ్చారు. ఇంజనీరు జాక్ క్లెమెంట్. పాటలు మధ్యలో ఆగిపోతాయి, తలుపు చప్పుళ్లు వినిపిస్తాయి, ఎవరో నవ్వుతారు, ఎవరో మరో పాట అడుగుతారు. శామ్ ఫిలిప్స్ స్థానిక పత్రికకు ఫోన్ చేశాడు. విలేఖరి, ఫొటోగ్రాఫరు వచ్చారు. ఎల్విస్ పియానో దగ్గర కూర్చుని, మిగతా ముగ్గురూ వెనక నిలబడి ఉన్న ఫొటో తీశారు. పత్రిక వాళ్లకు మిలియన్ డాలర్ చతుష్టయం అని పేరు పెట్టింది. అప్పటికి ఆ మాట అతిశయోక్తి. తర్వాత లెక్క చూస్తే చాలా తక్కువ అంచనా.

ఎల్విస్ ఆర్.సి.ఎ. మనిషి కాబట్టి ఆ టేపును సన్ సంస్థ అమ్ముకోవడానికి వీల్లేదు. అది పెట్టెలోకి వెళ్లింది. 1977లో ఎల్విస్ చనిపోయాడు. ఆ టేపు నుంచి మొదటి ఎల్.పి. రికార్డు 1981లో వచ్చింది. ఫొటోలో స్పష్టంగా కనిపించే జానీ క్యాష్ గొంతు టేపులో స్పష్టంగా వినపడదు. మైకుకు దూరంగా నిలబడ్డానని, అయినా పాడానని క్యాష్ తన ఆత్మకథలో పట్టుబట్టి చెప్పుకున్నాడు. ఆ నలుగురిలో చివరివాడు జెర్రీ లీ లూయిస్ 2022లో చనిపోయాడు.

ఆ మంగళవారమే ఘంటసాలకు 34 ఏళ్లు నిండాయి. ఆయన సంగీతంతో మాయాబజార్ ఆ తర్వాతి మార్చిలో విడుదలైంది. సంగీత దర్శకుడు రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే మిగిలిన భారమంతా ఎత్తుకున్నది ఘంటసాల.

1965 డిసెంబర్ 4న బర్డ్స్ బృందం పాడిన 'టర్న్ టర్న్ టర్న్' అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. క్రిస్ హిల్‌మన్‌కు అది 21వ పుట్టినరోజు. బాణీ పీట్ సీగర్‌ది. మాటలు దాదాపు అన్నీ బైబిల్‌లోని ప్రసంగి గ్రంథం నుంచి తీసుకున్నవి. ప్రతిదానికీ ఒక కాలం ఉందని చెప్పే అధ్యాయం తెలుగు చర్చిల్లో కూడా అందరికీ పరిచితమే. అంత పాత మాటలు గిటారు మోతతో కుర్రకారు పట్టికలో పైకెక్కడం అరుదు.

1969 డిసెంబర్ 4న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో షాన్ కార్టర్ పుట్టాడు. లోకానికి అతను జే జీ. 2003లో తెచ్చిన 'బ్లాక్ ఆల్బమ్'లో ఒక పాటకు తన పుట్టిన తేదీనే పేరుగా పెట్టాడు. అందులో అతని తల్లి గొంతు కూడా వినిపిస్తుంది, కొడుకు బాల్యం గురించి ఆమే చెబుతుంది. పాటల రచయితల గౌరవ సంస్థ సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందిన మొదటి ర్యాప్ కళాకారుడు అతనే, 2017లో.

1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మోంట్రో పట్టణంలో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న క్యాసినోలో ఫ్రాంక్ జప్పా బృందం కచేరీ జరుగుతోంది. డీప్ పర్పుల్ అనే ఇంగ్లండ్ బృందం కూడా ఊళ్లో ఉంది. కచేరీ అయిపోయాక ఆ హాలు వాళ్లకు అప్పగించాలి, అక్కడే కొత్త ఆల్బమ్ రికార్డు చేయాలని ఏర్పాటు. అందుకోసం రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన రికార్డింగ్ లారీని తెచ్చుకున్నారు. లారీ లోపల పూర్తి స్టూడియో ఉంటుంది. మైకులు, తీగలు బయటికి లాగి ఎక్కడ కావాలంటే అక్కడ రికార్డు చేసుకోవచ్చు.

కచేరీ మధ్యలో ప్రేక్షకుల్లో ఎవరో సంకేతాల కోసం వాడే మంటల తుపాకీని పైకప్పు వైపు పేల్చారు. పైకప్పుకు పేము అల్లిక ఉంది. నిప్పంటుకుంది. జప్పా జనాన్ని కంగారుపడకుండా బయటికి నడవమన్నాడు. మోంట్రో జాజ్ ఉత్సవం స్థాపకుడు క్లాడ్ నాబ్స్ లోపలికీ బయటికీ పరుగెడుతూ దారి తెలియక చిక్కుకున్న పిల్లల్ని లాక్కొచ్చాడు. భవనం బూడిదైంది. జప్పా బృందం వాద్యాలన్నీ కాలిపోయాయి. ప్రాణాలు ఒక్కటీ పోలేదు.

డీప్ పర్పుల్ వాళ్లు హోటల్ కిటికీల్లోంచి చూశారు. పొగ సరస్సు నీళ్ల మీద దుప్పటిలా పరుచుకుంది. కొన్ని రోజులకు బేస్ గిటారు వాయించే రోజర్ గ్లోవర్ నిద్రలోంచి లేస్తూ నీళ్ల మీద పొగ అనే అర్థం వచ్చే మాటలు అన్నాడు. అదే 'స్మోక్ ఆన్ ది వాటర్' పాటకు పేరైంది.

హాలు పోయాక వాళ్లు పెవిలియన్ అనే థియేటరులో చేరారు. రాత్రివేళ ఆ మోతకు ఊరు నిద్ర లేచింది, పోలీసులు వచ్చారు. బయట పోలీసులు తలుపు తడుతుంటే బృందం సహాయకులు లోపలి నుంచి తలుపులు అదిమిపట్టి నిలబడ్డారు. ఆ సందులోనే రిచీ బ్లాక్‌మోర్ గిటారు మీద పలికించిన ఒక బిట్‌తో సహా వాద్యభాగం రికార్డయిపోయింది. అప్పటికి ఆ బాణీకి మాటలు లేవు. పోలీసులు ఖాళీ చేయించారు. చలికాలం కావడంతో మూసి ఉన్న గ్రాండ్ హోటల్ దొరికింది. వరండాలో పరుపులు గోడలకు నిలబెట్టి, చలికి వణుకుతూ మిగతా ఆల్బమ్ పూర్తిచేశారు. వాయించింది ఎలా వచ్చిందో వినాలంటే గదులు, బాల్కనీలు దాటి లారీ దాకా నడవాలి. విసుగొచ్చి వినడమే మానేశారు.

ఆ రాత్రి జరిగింది జరిగినట్టు ఆ పాటలో ఉంది: క్యాసినో, మంటల తుపాకీ, జప్పా, క్లాడ్, లారీ, ఖాళీ హోటల్. పాటలో కవిత్వం తక్కువ, కథనం ఎక్కువ. ఒక విలేఖరి రాసుకున్న నోట్సులా ఉంటుంది, దాని బలం కూడా అదే. 1972లో 'మెషీన్ హెడ్' ఆల్బమ్ వచ్చినప్పుడు బృందం ఆశ పెట్టుకున్న పాట వేరు. ఈ పాట సింగిల్‌గా 1973లో వచ్చి అమెరికాలో నాలుగో స్థానానికి ఎక్కింది. గిటారు పట్టిన ప్రతి పిల్లవాడూ మొదట నేర్చుకునే బిట్ నేటికీ అదే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో వాద్యాల దుకాణంలో పది నిమిషాలు నిలబడినా అది చెవిన పడుతుంది.

అదే లారీ అంతకు దాదాపు ఏడాది ముందు ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ముందు నిలబడింది. అక్కడ రికార్డు చేసుకున్నది లెడ్ జెప్లిన్ బృందం. జాన్ బోనమ్ డ్రమ్ములను హాల్లో మెట్ల దిగువన పెట్టి, మైకుల్ని పైమెట్ల నుంచి వేలాడదీశారు. మెట్ల మీదుగా పైకెక్కిన ఆ ప్రతిధ్వని 'వెన్ ది లెవీ బ్రేక్స్' పాటకు ప్రాణం. తర్వాతి తరం ర్యాప్ సంగీతకారులు ఆ దరువును కోసి తమ పాటల్లో మళ్లీ మళ్లీ అతికించుకున్నారు.

1980 సెప్టెంబర్ 25న బోనమ్ చనిపోయాడు. వయసు 32. అతిగా తాగడమే కారణం. అమెరికా యాత్రకు అన్నీ సిద్ధమయ్యాక జరిగిన ఘోరం అది. కొత్త డ్రమ్మరు ఎవరన్న ఊహాగానాలు పత్రికల్లో సాగాయి. డిసెంబర్ 4న చిన్న ప్రకటన వచ్చింది. స్నేహితుణ్ణి పోగొట్టుకున్నామని, ఇకపై మునుపటిలా కొనసాగలేమని దాని సారాంశం. కింద ఎవరి సొంత పేరూ లేదు, బృందం పేరొక్కటే ఉంది. కోట్లు తెచ్చిపెట్టే పేరును ఒక్క మనిషి కోసం మూసివేయడం వ్యాపార ప్రపంచంలో అపురూపం. 2007లో లండన్‌లో ఒక్క పూర్తి కచేరీ కోసం మిగిలిన ముగ్గురూ కలిసినప్పుడు డ్రమ్ముల వెనక కూర్చున్నది బోనమ్ కొడుకు జేసన్. లెడ్ జెప్లిన్‌కూ, డీప్ పర్పుల్‌కూ సేవ చేసిన ఆ లారీ ఇప్పుడు కెనడాలోని క్యాల్గరీ నగరంలో జాతీయ సంగీత కేంద్రంలో భద్రంగా ఉంది.

మోంట్రో మంటల తర్వాత ఆరు రోజులకే జప్పాకు మరో దెబ్బ తగిలింది. లండన్ కచేరీలో ఒక ప్రేక్షకుడు వేదిక మీదికి దూకి అతన్ని కిందికి తోసేశాడు. చాలా నెలలు చక్రాల కుర్చీలో గడిచాయి. ఆ కుర్చీలోనే బాణీలు రాశాడు. రాక్, జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఒకదాంట్లో ఒకటి కలిపి, బతికున్నన్నాళ్లలో 60కి పైగా ఆల్బమ్‌లు తెచ్చాడు. తన కచేరీల్లో చాలావాటిని రికార్డు చేయించి, లాస్ ఏంజెలెస్‌లోని ఇంట్లో ఒక ప్రత్యేక భాండాగారంలో టేపులు దాచాడు. క్యాన్సర్ సోకిందని 1990లో తెలిసింది. పని ఆపలేదు. కంప్యూటర్ వాద్యం ముందు కూర్చుని 'సివిలైజేషన్ ఫేజ్ 3' అనే పెద్ద రచన పూర్తిచేశాడు. 53వ పుట్టినరోజుకు పదిహేడు రోజుల ముందు, 1993 డిసెంబర్ 4న, క్యాసినో కాలిపోయిన తేదీనే కన్నుమూశాడు. ఘంటసాల గీతలాగే జప్పా చివరి రచన కూడా ఆయన పోయాక, మరుసటి ఏడాది, విడుదలైంది. ఆయన సమాధి మీద పేరు చెక్కలేదు. ఆ భాండాగారంలోని టేపుల నుంచి కొత్త ఆల్బమ్‌లు మాత్రం ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి.